ఆకాశానికీ ఓ బ్రేకు ఇన్‌స్పెక్టర్

దేశ విమానయానాన్ని ఉత్తరాంధ్ర ఎప్పుడో నెత్తికెత్తుకుంది. 2014లో విజయనగరం అశోక్ గజపతిరాజు గారు, 2024లో మా శ్రీకాకుళం కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు ఆ శాఖకు మంత్రులయ్యారు. అందుచేత దేశంలో ఎక్కడ విమానం కుదిపినా మా ఏడురోడ్ల జంక్షన్లో టీ గ్లాసు తొణుకుతుంది. జాగ్రత్తలో కూడా మాకు సాటి లేదు. భోగాపురం ఎయిర్‌పోర్టుకు 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేశాం. పునాది విషయంలో ఏమరుపాటు పనికిరాదు కదా!

ఆ హోదాతోనే ఎయిరిండియా గురించి నాలుగు ముక్కలు. టాటాల ఇంట పుట్టిన ఆ పిల్లను 1953లో ప్రభుత్వం తన ఇంటికి తెచ్చుకుంది. 2022 జనవరిలో తిరిగి పుట్టింటికి పంపింది. ఒట్టి చేతులతో పంపిందా? 15,300 కోట్ల అప్పు ఒడిలో పెట్టి మరీ పంపింది. పుట్టింటివారు ఘనులు. ఏడాది తిరగ్గానే 470 విమానాల సారె ప్రకటించారు. ఊరంతా ఆ కావిళ్లు లెక్కపెట్టడంలో పడింది.

డబ్బు పెడితే విమానాలొస్తాయి, సరే. వాటి నట్లూ బోల్టులూ చూసే మనుషులు? ఆ పని సరిగా జరుగుతోందో లేదో చూసే కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలో దాదాపు సగం పోస్టులు ఖాళీ అని 2025లో పార్లమెంటు సంఘమే రాసింది. నేను మాత్రం ఇందులో మంచే చూస్తాను. ఖాళీ కుర్చీకి ఎవరితోనూ పేచీ ఉండదు, అది ఏ విమానాన్నీ ఆపదు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయారు. దాని జోలికి నా వెటకారం వెళ్లదు. కారణం తేల్చాల్సింది దర్యాప్తు. నా గొడవల్లా ఆ తర్వాతిది. అంత జరిగాక కూడా, అదే ఏడాది నవంబరులో, ఎగరడానికి తగినదేనని ఏటేటా తీసుకోవాల్సిన కాగితం గడువు దాటిపోయిన ఎయిరిండియా ఎయిర్‌బస్సు విమానం ఒకటి ప్రయాణికులతో ఎనిమిదిసార్లు ఎగిరింది. పట్టుకున్నది ఎవరో కాదు, ఆ సంస్థే. తనే చూసుకుని తనే చెప్పుకుంది.

సరిగ్గా ఆ వార్త చదువుతుంటే మా వీధి ఆటో కుర్రాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. చిలకపాలెం దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టర్ ఆపాడట. ఎఫ్‌సీ, అదే బండి ఫిట్‌నెస్ కాగితం, గడువు అయిపోయి నాలుగు రోజులైందని ఫైను.

"నా బండి మూడు చక్రాలూ నేల మీదే ఉంటాయి గదా బాబూ, దానికే ఇంత కాయితమేటి?" అన్నాడు.

ఓదార్పుగా ఉంటుందని పేపరులోది చదివి వినిపించాను. ఎనిమిదిసార్లు అన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నాడు. తల గోక్కున్నాడు. ఆటో వైపు చూశాడు.

"అయితే బాబూ, నానూ ఇంకో ఎనిమిది పాల్లు తిరిగేసి, ఆనక నాకు నేనే ఎల్లి సెప్పీసుకుంటే సరిపోద్దేటి?"