'టు' ఉంటే ఫ్రేజ్, 'దట్' ఉంటే క్లాజ్ అని ఇంకెన్నాళ్లు చెబుతాం?

'షి ఫర్గాట్ టు పే ద ఫీ' అంటే ఆమె ఫీజు కట్టలేదు. 'షి ఫర్గాట్ దట్ షి హాడ్ పెయిడ్ ద ఫీ' అంటే ఫీజు కట్టేసింది, కట్టిన సంగతే మర్చిపోయింది. మొదటి దాంట్లో 'ఫర్గాట్' తర్వాత వచ్చింది ఇన్ఫినిటివ్ ఫ్రేజ్, అంటే 'టు పే' లాంటి క్రియారూపంతో నడిచే పదబంధం. రెండో దాంట్లో వచ్చింది ఆబ్జెక్ట్ క్లాజ్, అంటే సొంత సబ్జెక్ట్, క్రియ ఉండి 'ఫర్గాట్'కు కర్మగా నిలిచే ఉపవాక్యం. డబ్బు కట్టారా లేదా అన్నంత తేడా ఇక్కడ ఉంది. ఆ తేడా పట్టుకోలేని పిల్లాడికి వాక్యం చదవడం వస్తుంది గానీ సంగతి తలకెక్కదు.

మరి మనం దీన్ని ఎలా నేర్పుతున్నాం? 'టు కనిపిస్తే ఫ్రేజ్ అని రాసెయ్, దట్ కనిపిస్తే క్లాజ్ అని రాసెయ్.' గైడ్లలో ఇదే, కోచింగ్ నోట్సులో ఇదే. ఈ షార్ట్‌కట్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 'ఐ నో హి హాజ్ టు గో' తీసుకోండి. టు ఉంది, దట్ లేదు. అయినా 'హి హాజ్ టు గో' అచ్చమైన క్లాజ్. 'ఐ వాంట్ టు రీడ్ దట్' అన్నప్పుడు దట్ ఉంది గానీ అది ఉత్త సర్వనామం, అక్కడ ఆబ్జెక్ట్ క్లాజ్ ఊసే లేదు. నోట్సును నమ్ముకున్న పిల్లాడు రెండూ తప్పు రాస్తాడు. మార్కులు పోయేది వాడికి, నోట్సు రాసినవాళ్లకు కాదు.

చూడాల్సింది క్రియను. మన పిల్లలకు ఇది కొత్తా? తెలుగు క్లాసులో సమాపక క్రియ, అసమాపక క్రియ చదువుకునే వస్తారు కదా! 'వెళ్లాడు' అంటే మాట పూర్తయింది, 'వెళ్లడానికి' అంటే ఇంకా ఏదో రావాలి. ఇంగ్లిష్‌లో 'టు గో' ఆ రెండో రకం. తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లిష్ టీచర్ ఈ రెండు మాటలూ గుర్తు చేస్తే సగం పని అయిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి: 'రాము వచ్చి తిన్నాడు' మనకు సంశ్లిష్ట వాక్యం, అంటే కాంప్లెక్స్ సెంటెన్స్. దాన్ని 'హ్యావింగ్ కమ్' అని మొదలుపెట్టి ఇంగ్లిష్‌లో చెబితే అది సింపుల్ సెంటెన్సే, కాంప్లెక్స్ కాదు.

ఆ తర్వాత వాక్యాన్ని నిన్నటికి మార్చి చూడమనండి. 'ఐ వాంట్ టు గో' కాస్తా 'ఐ వాంటెడ్ టు గో' అవుతుంది, 'గో' కదలదు. 'ఐ నో హి ఈజ్ ఇల్' మాత్రం 'ఐ న్యూ హి వాజ్ ఇల్' అవుతుంది, రెండు క్రియలూ కదిలాయి. కాలం మోసే క్రియ, దానికో సబ్జెక్ట్ ఉన్నచోట క్లాజ్ ఉన్నట్టే. సబ్జెక్ట్ సంగతికి 'ఐ నో హి ఈజ్ ఆనెస్ట్', 'ఐ నో హిమ్ టు బి ఆనెస్ట్' పక్కపక్కన పెట్టండి. అర్థం దాదాపు ఒకటే, కానీ ఇన్ఫినిటివ్ రాగానే 'హి' పోయి 'హిమ్' వచ్చింది. 'హి సజెస్టెడ్ దట్ షి గో' లాంటి చోట 'గో' కదలదు కాబట్టి కాలం పరీక్ష పనిచేయదు. అక్కడ కూడా 'హర్' అనకుండా 'షి' అన్నాం కాబట్టి అది క్లాజేనని తెలిసిపోతుంది.

ఇక 'ఐ వాంట్ దట్ యు కమ్' అని మన పిల్లలు ఎందుకు రాస్తారో కూడా ఆలోచించాలి. 'నువ్వు వస్తావని తెలుసు', 'నువ్వు రావాలని ఉంది' రెండింట్లోనూ మనకు 'అని' ఉంది. ఇంగ్లిష్‌లో 'నో' పక్కన క్లాజ్ కుదురుతుంది, 'వాంట్' పక్కన 'యు టు కమ్' అనే రావాలి. ఈ ఒక్క ముక్క చెప్పకుండా నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంటూలు పెడితే వాడికి ఏం తెలుస్తుంది?

పై చదువుల్లో మరో చిక్కు ఉంది. 1985లో క్వర్క్ బృందం, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ అనే భాషావేత్తలు తెచ్చిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణాలు ఇన్ఫినిటివ్‌ను కూడా నాన్‌ఫైనైట్ క్లాజ్ (కాలం మోయని క్రియతో ఉండే క్లాజ్) అనే అంటాయి. స్కూల్లో ఫ్రేజ్ అని నేర్పడం తప్పేం కాదు. కానీ కారణం తెలియకుండా పేరు బట్టీపట్టినవాడు అక్కడికి వెళ్లాక తెల్లమొహం వేస్తాడు.

పేపర్ సెట్ చేసే టీచర్లకు నా విన్నపం ఒకటే. 'ఐ డోంట్ నో వాట్ టు డూ', 'ఐ డోంట్ నో వాట్ ఐ షుడ్ డూ' రెండూ పక్కపక్కన ఇవ్వండి. ఏది ఫ్రేజ్, ఏది క్లాజ్ అని అడిగి వదిలేయకండి. ఏ క్రియను చూసి చెప్పావో రాయమనండి, సగం మార్కులు దానికే ఇవ్వండి.