పాత విమానాల మీద ఆ మెసేజ్ ఇక చాలు

నెల రోజులుగా ప్రతి గ్రూపులోనూ ఇదే. పాత విమానాలను అమెరికా ఎడారిలో పడేస్తారట, రేకుతో గిన్నెలు చేస్తారట, కొన్నిటిని హోటళ్లుగా మారుస్తారట, మిగిలిన తుక్కు భాగాలను మనలాంటి పేద దేశాల విమానాలకు బిగిస్తారట. "అందుకే ప్రమాదాలు!" అని కింద ఎర్ర అక్షరాలు.

ఆ మెసేజ్‌తో వచ్చే ఎడారి ఫొటో అరిజోనాలోని డేవిస్-మోంథన్ వైమానిక స్థావరానిది. దాదాపు 4,000 సైనిక విమానాలు. పారేయలేదు బాబూ, దాచారు. అక్కడ తేమ తక్కువ, నేల గట్టి. లోపల వేడెక్కకుండా కిటికీలకు తెల్ల పూత కూడా పూస్తారు. స్పెయిన్‌లోని తెరుయెల్‌లో కోవిడ్‌ అప్పుడు పెట్టిన ఎ380లు (ఎయిర్‌బస్ వాళ్ల రెండంతస్తుల భారీ విమానాలు) కొన్ని మళ్లీ ఎగురుతున్నాయి.

గిన్నెలా? కావచ్చు. విమానం అల్యూమినియంలో రాగి, జింకు కలిసి ఉంటాయి కాబట్టి తిరిగి విమానం రేకుగా మారడం కష్టం, పోత సామాన్లకు పోతుంది. నష్టమేంటి? హోటళ్లూ నిజమే. హోటల్‌గా మార్చడానికి కొచ్చి నుంచి హైదరాబాద్‌కు లారీ మీద తెస్తుంటే 2022లో కొరిశపాడు అండర్‌పాస్‌లో ఇరుక్కున్న పాత విమానం గుర్తుంది కదా.

ఇక ఆ చివరిది, తుక్కు భాగాలను పేద దేశాల విమానాలకు బిగిస్తారన్నది. జనాన్ని హడలగొట్టేది అదే. పాత విమానాన్ని కొనేదే ముఖ్యంగా ఇంజన్ల కోసం. ఇంజన్లు, ల్యాండింగ్ గేర్ (చక్రాలు, వాటి కాళ్లు), కాక్‌పిట్ పరికరాలు విప్పాకే బాడీని యంత్రం దవడలతో కొరుకుతుంది. విప్పిన భాగాన్ని అనుమతి ఉన్న వర్క్‌షాపు పరీక్షించి ట్యాగ్ కట్టాలి. ఇంజన్‌లో తిరిగే డిస్కుకైతే తయారైన రోజు నుంచి ఎన్నిసార్లు ఎగిరిందో కాగితం మీద ఉండాలి. పరిమితి దాటినా, కాగితం పోయినా తుక్కే. దాన్ని ఇంకెవరూ వాడకుండా కోసి మరీ పాడుచేస్తారు.

పేద దేశాలకేనా? సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2007లో నడిపిన మొట్టమొదటి ఎ380ని ఫ్రాన్స్‌లోని టార్బ్‌లో విప్పారు. ఎ380 భాగాలు చాలావరకు ఎ380లకే కదా పనికొచ్చేది. అవి నడిపే పేద దేశం ఒక్కటి చెప్పండి, వింటాను.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ కాగితమే దొంగదైతే? 2023లో బ్రిటన్‌కు చెందిన ఏఓజీ టెక్నిక్స్ నకిలీ పత్రాలతో ఇంజన్ భాగాలు అమ్మిందని బయటపడింది. అమెరికా పెద్ద ఎయిర్‌లైన్స్‌కే అవి చేరాయి. భయపడాలంటే దానికి భయపడండి. ఇంకో చిక్కు ఆ మెసేజ్ రాసినవాడికి తట్టనే లేదు: బోయింగ్ 787 బరువులో సగం కార్బన్ ఫైబర్ రకమే, అంటే సన్నని కార్బన్ పోగులను జిగురులాంటి రెజిన్‌తో అతికించి చేసినదే. అల్యూమినియంలా దాన్ని కరిగించి పోత పోయడం కుదరదు.