పాట పక్కన ‘ఏఐ’ అని రెండక్షరాలు వేయడానికి ఏమైంది?

‘బ్రేకప్ పాట, ఆడ గొంతు, గిటార్, కొంచెం ఏడుపు’ అని టైప్ చేసి బటన్ నొక్కితే చాలు, సునో, ఉడియో లాంటి ఏఐ పాటల యాప్‌లు కాసేపట్లోనే పల్లవి, చరణాలు, గొంతు, వాయిద్యాలతో సహా పాట చేతిలో పెడుతున్నాయి. వినడానికి బాగానే ఉంటుంది, టెన్షన్ కూడా అక్కడే. 2025 నవంబర్‌లో పాటలు వినిపించే స్ట్రీమింగ్ యాప్ డీజర్ ఎనిమిది దేశాల్లో 9 వేల మందితో సర్వే చేయిస్తే, వందలో 97 మంది మెషీన్ పాటేదో మనిషి పాటేదో పట్టుకోలేకపోయారు. అప్పటికే ఆ ఒక్క యాప్‌లోకే రోజుకి 50 వేల ఏఐ పాటలు వచ్చి పడుతున్నాయి.

మరి ఇన్ని పాటలు వింటున్నదెవరు? పెద్దగా ఎవరూ వినడం లేదు. తమ యాప్‌లో మొత్తం స్ట్రీమ్స్‌లో (పాట ప్లే అయిన లెక్క) వీటి వాటా అర శాతమేనని, అందులోనూ 70 శాతం దాకా దొంగ స్ట్రీమ్సేనని అప్పట్లో డీజరే చెప్పింది. అయితే మనకేంటి నష్టం అంటారా? స్ట్రీమింగ్‌లో చాలావరకు పాటకింత అని రేటు ఉండదు, చందాలు, ప్రకటనల డబ్బంతా ఒకచోట పోగేసి ఎన్నిసార్లు విన్నారన్న లెక్కన పంచుతారు, కాబట్టి మనిషిలా నటించే ప్రోగ్రామ్, అంటే బాట్, ‘విన్న’ ప్రతి పాటా ఎవరో ఒక నిజమైన రచయిత వాటాలోంచి కాస్త కొరుక్కుతింటుంది. ఇలా బాట్లతో కోటి డాలర్లకు పైగా రాయల్టీ లాగాడంటూ 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో ఒకాయన మీద కేసు కూడా పెట్టారు.

పాటలు రాసే మాకు ఇంకా దిగులు కలిగించేది చిన్న పనుల సంగతి. ట్యూన్ ‘తననన’ అని ఉంటుంది, రాసిన మాటేమో ఒక మాత్ర ఎక్కువవుతుంది, మాట మారిస్తే పై లైనుతో ప్రాస పోతుంది, ప్రాస కుదిరిస్తే గాయని ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ఈ తిప్పలన్నీ పడి చేయి తిరిగేది ప్రకటనల జింగిల్స్ దగ్గర, వీడియోల వెనక వచ్చే సంగీతం దగ్గర. మెషీన్‌కి ముందుగా పోయేవి కూడా అవే. డెమో కట్టుకోవడానికి ఎవరైనా ఏఐ వాడుకుంటే మాకేం అభ్యంతరం లేదు, కొత్తగా రాసేవాడికి మొదటి మెట్టే లేకుండా చేయడమే మాకు మింగుడుపడటం లేదు.

2024 జూన్‌లో పెద్ద మ్యూజిక్ కంపెనీలు యూనివర్సల్, సోనీ, వార్నర్ కలిసి సునో, ఉడియోల మీద కోర్టుకెక్కాయి, తమ పాటలు అడక్కుండా వాడి మెషీన్‌కి నేర్పారని. 2025 చివరికొచ్చేసరికి ఉడియోతో యూనివర్సల్, సునోతో వార్నర్ రాజీపడి ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ డబ్బులో పాట రాసినవాళ్ల చేతికి ఎంతొస్తుందో కాగితం మీద చూపించాలి. డీజర్ ఏఐ పాటలకి లేబుల్ వేస్తోంది, దొంగ స్ట్రీమ్స్‌ని రాయల్టీ లెక్కలోంచి తీసేస్తోంది. ఒకరు చేయగలిగింది మిగతా యాప్‌లు ఎందుకు చేయలేవు?

అన్నట్టు, ఒక్క లైను టైప్ చేసి ‘నేను రాసిన పాట’ అని పోస్ట్ పెట్టేవాళ్లకి ఓ కబురు. ప్రాంప్ట్, అంటే అలా టైప్ చేసిన లైను, ఒక్కటే ఇస్తే కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2025 జనవరిలో తేల్చింది. రేపు ఆ పాటని ఇంకొకరు ఎత్తుకుపోతే, అక్కడ ‘నాది’ అనడానికి వీళ్ల దగ్గర ఏమీ ఉండదు.