అమ్మ రక్తపోటుకు అమ్మ కోపం కారణం కాదు

అమ్మ రక్తపోటు 170 దాటినప్పుడల్లా మా ఇంట్లో అందరిదీ ఒకటే పాట: "ఎక్కువ ఆలోచించకమ్మా, టెన్షన్ పడకు." ఆరేళ్లు ఇదే పాట పాడాం. ఆమె మూడు రకాల మాత్రలు తప్పకుండా వేసుకునేది. అయినా పట్టీ చేతికి చుట్టే ముందు తప్పు చేసినదానిలా మా ముఖాలు చూసేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

హైపర్‌టెన్షన్ అనే మాటలోని టెన్షన్ మనసుది కాదు, రక్తనాళాలది. ఆందోళన వల్ల రక్తపోటు కాసేపు పెరగవచ్చు. కానీ ఏళ్ల తరబడి దిగకుండా ఉందంటే మూత్రపిండాల వైపు చూడాలి. అక్కడికి రక్తాన్ని తెచ్చే సన్నటి ధమనుల గోడల్లో కొన్ని కణాలు కాపలా కాస్తుంటాయి. రక్తపోటు తగ్గినా, ఉప్పు తగ్గినా అవి రెనిన్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. కాలేయం తయారుచేసిన ఒక ప్రోటీన్‌ను రెనిన్ కత్తిరిస్తుంది. ఆ ముక్క మరో కోతకు గురై యాంజియోటెన్సిన్ 2 అవుతుంది. ఈ రెండో కోత ఎక్కువగా ఊపిరితిత్తుల్లో జరుగుతుంది. యాంజియోటెన్సిన్ 2 వల్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌ను వదులుతాయి, దాని ప్రభావంతో మూత్రపిండాలు ఉప్పును, నీటిని పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. రక్తం పోయినప్పుడు ప్రాణం నిలిపేది ఈ ఏర్పాటే. అవసరం లేనప్పుడు కూడా పనిచేస్తే అదే రోగం.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. కుందేలు మూత్రపిండం నుంచి తీసిన సారం రక్తపోటును పెంచుతుందని టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1898లోనే చూపించారు. అడ్రినల్ గ్రంథి రెనిన్ ఆజ్ఞ లేకుండానే ఆల్డోస్టెరాన్‌ను కుమ్మరించే జబ్బును జెరోమ్ కాన్ అనే వైద్యుడు 1955లో వివరించారు. అమ్మది సరిగ్గా అదే జబ్బు. రాత్రి రెండు గంటలకు మంచం అంచున కూర్చుని, రాయిలా బిగుసుకుపోయిన పిక్కలను రెండు చేతులతో పిసుక్కునేది. వయసు మీదపడిందని మేం సరిపెట్టుకున్నాం. నిజానికి ఆమె ఒంట్లో పొటాషియం ఖాళీ అవుతోంది. ఆ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, నాలుగో మాత్ర మాత్రం రాయబోయారు.

చివరికి ఒక డాక్టరమ్మ రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ కలిపి రక్తపరీక్ష రాశారు. రెనిన్ దాదాపు అడుగంటింది, ఆల్డోస్టెరాన్ పైన ఉంది. ఆల్డోస్టెరాన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకు రక్తపోటు దారికొచ్చింది. "అయితే ఇది నా కోపం వల్ల కాదా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

రక్తపోటు ఉన్నవాళ్లందరికీ ఈ పరీక్ష చేయించాలని హార్మోన్ నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2025 మార్గదర్శకాల్లో సూచించింది. మీ ఇంట్లో మూడు మాత్రలకూ లొంగని రక్తపోటు ఉంటే, పొటాషియం తగ్గుతూ ఉంటే, ఈ పరీక్ష ఎందుకు చేయించలేదని డాక్టరును అడగండి, మొహమాటపడకండి. కొన్ని మాత్రలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి కాబట్టి, పరీక్షకు ముందు ఏది ఆపాలో, ఏది ఆపకూడదో కూడా ఆయననే చెప్పమనండి.