కెరీర్ గైడెన్స్ సెమినార్ గారికి బహిరంగ లేఖ

అమీర్‌పేటలో వెలసిన ఉచిత సెమినార్ గారికి,

మీ దయవల్ల మొన్న హాల్లో ఉన్న పిల్లలందరిదీ ఒకటే జాతకమని తేలిపోయింది. స్కూల్ ఫస్టు వచ్చినవాడికీ, అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడికీ ఒకే మందు రాసిచ్చారు: ఎంపీసీ, ఎప్‌సెట్, సీఎస్‌ఈ, ఆ పైన మీ దగ్గరే ఆర్నెల్ల కోర్సు.

మధ్యలో గోదావరిఖని పిల్లాడొకడు లేచాడు, గుర్తుందా? "సార్, మా నాయిన బాయిల పని చేస్తడు. మైనింగ్ డిప్లొమా చేస్తే ఎట్లుంటది?" అన్నాడు. "ఇంకా బొగ్గేంటమ్మా!" అని నవ్వి మీరు స్లైడు మార్చేశారు. కొత్త స్లైడులో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కీబోర్డు మీద చెయ్యి కూడా వెయ్యకుండా పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ ప్రొజెక్టర్ నడిచిన కరెంటు వాళ్ల నాయిన తవ్విన బొగ్గుదేనేమో, ఎవరు చూడొచ్చారు!

మీరు బొగ్గు బాయిల ఊరు ఇల్లెందు దాకా పోనక్కర్లేదు. మీ పక్కన బేగంపేటలోనే యురేనియం, లిథియం వెతికే అణు ఖనిజాల డైరెక్టరేట్ ఉంది. బైలడిల్లా ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ హెడ్డాఫీసు మాసబ్‌ట్యాంక్‌లో, భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ హబ్సిగూడలో, జియలాజికల్ సర్వే బండ్లగూడలో ఉన్నాయి. మీ ఫ్లెక్సీ లేని కరెంటు స్తంభం ఈ ఊళ్లో లేదు. ఆ ఫ్లెక్సీలో వీటి పేరు ఒక్కటీ లేదు.

బొగ్గు బాయిలో పని దగ్గరుండి చూసుకునే సర్దార్, ఆయన పై అధికారి ఓవర్‌మన్, కొలతలు తీసే సర్వేయర్ కావాలంటే గనుల భద్రత డైరెక్టరేట్ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. దానికి ముందు బాయిలో అనుభవం ఉండాలి. మనుషులు చాలడం లేదని రాత్రికి రాత్రి కోర్సు పెట్టి తయారుచేసే సరుకు కాదు. కొత్తగూడెంలో 1978లో పెట్టిన స్కూల్ ఆఫ్ మైన్స్ ఇప్పుడు ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ కూడా అయింది, మీకు కబురందినట్టు లేదు. 2019 నుంచి ఆడవాళ్లు భూగర్భ గనుల్లోనూ పనిచేయొచ్చు. మీరేమో ఆడపిల్లలకు "వర్క్ ఫ్రమ్ హోమ్ బెస్టు" అని సెలవిచ్చారు.

బాయి పని హాయి అని నేననడం లేదు. దుమ్ము, నైట్ షిఫ్టులు, పైకప్పు ఎప్పుడు కూలుతుందోనన్న టెన్షన్. పాత బాయిలు మూతపడుతున్నాయి కూడా. ఆ సంగతైనా చెప్పి ఉంటే పిల్లాడికి పనికొచ్చేది. సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు ఊడుతున్న సంగతీ చెప్పలేదు లెండి, ఆ విషయంలో మాత్రం మీకు పక్షపాతం లేదు.

ఈసారి సింగరేణిలో ఓవర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన ఒకరిని పిలిచి, ఓ పావుగంట మైకివ్వండి. ఫీజు అడగడు, చాయ్ పోస్తే చాలు. షిఫ్టులకు అలవాటుపడ్డ మనిషి, చెప్పిన టైముకు వచ్చేస్తాడు. ఆ రోజుకి మీరే కాస్త పెందలాడే రండి.

ఇట్లు,
మీ ఫీడ్‌బ్యాక్ ఫారంలో సొంత నంబరు రాసిన పాపానికి రోజూ "సార్, అడ్మిషన్ ఎప్పుడు తీసుకుంటారు?" అని ఫోన్లు వస్తున్న ఒక తండ్రి