చాడ్ కనౌస్ గెలిచింది మోసంతోనేనా?

అమెరికా కార్ల రేసు పోటీ నాస్కార్ సీజన్ మొదలైతే చాలు, అక్కడి షార్లెట్ నగరం చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అమెరికా అభిమానులు ఏళ్ల తరబడి అంటున్న మాటల్నే ఎవరో తెలుగులోకి దించారు. దాని సారాంశం ఇది: "7 టైటిళ్లు కొట్టిన చాడ్ కనౌస్ ఒక చీటర్. రూల్స్ తప్పి సస్పెండ్ అయ్యాడు. అతను లేకుండానే టీమ్ డేటోనా 500 గెలిచింది. హెండ్రిక్ డబ్బు, జిమ్మీ జాన్సన్ టాలెంట్ ఉంటే ఎవరైనా గెలుస్తారు. జాన్సన్ నుంచి విడిపోగానే అతని పని అయిపోయింది. అయినా ఎడమవైపు తిరుగుతూ పోయే కారుకి చీఫ్ ఎందుకు?"

తెలియనివాళ్ల కోసం: హెండ్రిక్ టీమ్‌లో డ్రైవర్ జిమ్మీ జాన్సన్ కారుకి క్రూ చీఫ్ చాడ్ కనౌస్. టైటిల్ అంటే సీజన్ ఛాంపియన్‌షిప్, డేటోనా 500 నాస్కార్‌లో అన్నిటికన్నా పెద్ద రేసు. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అది తేలితే మిగతావి చెప్పడం తేలిక.

కారు ఎడమవైపే తిరుగుతుంది, నిజమే. సోనోమా, వాట్కిన్స్ గ్లెన్ లాంటి చోట్ల కుడివైపు కూడా తిరుగుతుంది, అది పక్కన పెడదాం. మలుపులో డ్రైవర్ స్టీరింగ్ తిప్పినా కారు ముక్కు తిరగకపోతే దాన్ని 'టైట్' అంటారు. వెనక భాగం జారిపోతుంటే 'లూజ్'. రేడియోలో డ్రైవర్ చెప్పేది దాదాపు ఇంతే: "మలుపు మధ్యలో టైట్, బయటికి వచ్చేటప్పుడు లూజ్." ఆ రెండు ముక్కల్ని పనిగా మార్చేవాడే క్రూ చీఫ్. కనౌస్ కాలపు కార్లలో వెనక అద్దానికి చిన్న రంధ్రం ఉండేది. కారు పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన టైర్లు మార్చి పెట్రోలు పోసే చోట, ఆగిన ఆ పన్నెండు పదమూడు సెకన్లలో, ఒకపక్క టైర్లు మారుతుండగానే, ఒకడు పొడుగాటి రెంచ్‌ని ఆ రంధ్రంలో దూర్చి స్ప్రింగ్ మీది బోల్టుని అర చుట్టో పావు చుట్టో తిప్పేవాడు. దాంతో నాలుగు చక్రాల మీదా బరువు పంపకం మారిపోతుంది. ఒక మలుపులో నయమైన జబ్బు ఇంకో మలుపులో తిరగబెట్టకూడదు. ఎండలో మొదలైన రేసు లైట్ల వెలుగులో ముగిస్తే, చల్లబడే కొద్దీ ట్రాక్ పట్టు మారిపోతుంది. అది ముందే ఊహించి, ఇప్పుడు కారు కాస్త చెడ్డగా ఉన్నా చివరి 50 ల్యాప్‌లకు కుదిరేలా పెట్టాలి. ఎప్పుడు పిట్‌కి రావాలి, రెండు టైర్లా నాలుగా, పెట్రోలు సరిపోతుందా, ఇవన్నీ తేల్చేదీ అతనే.

ఇక అసలు ఆరోపణ, మోసం. ఇక్కడ కనౌస్‌ని పాలతో కడిగినట్టు చూపించే ఉద్దేశం నాకు లేదు. 2006 డేటోనా 500 క్వాలిఫైయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పరుగు) తర్వాత తనిఖీలో వెనక అద్దం దగ్గర మార్పు చేశారని తేలింది. కనౌస్‌ని ట్రాక్ నుంచి పంపేశారు, 4 రేసుల సస్పెన్షన్ పడింది. 2007లో సోనోమాలో ఫెండర్ల (చక్రాల మీది రేకుల) విషయంలో 6 రేసులు, లక్ష డాలర్ల జరిమానా. ఆ రోజు అదే గతి హెండ్రిక్‌లోనే మరో డ్రైవర్ జెఫ్ గోర్డన్ క్రూ చీఫ్ స్టీవ్ లెటార్టేకి కూడా పట్టింది. 2012 డేటోనాలో పైకప్పుని వెనక భాగంతో కలిపే స్తంభాల ఆకారం మీద మళ్లీ 6 రేసుల శిక్ష వేశారు. కానీ అప్పీల్‌లో సస్పెన్షన్, పాయింట్ల కోత రెండూ ఎగిరిపోయి జరిమానా మాత్రం మిగిలింది. మెసేజ్ రాసినాయన ఈ చివరి ముక్క ఎందుకో వదిలేశాడు.

ఈ మూడుసార్లూ తప్పు దొరికింది రేసుకి ముందే. ఆ భాగాలు సరిచేశాకే కారు రేసుకి దిగింది. ఆ మార్పుల వల్ల రేసు గెలిచాడనడానికి, ఆ మార్పులతో రేసు నడవనే లేదు. శిక్ష పడిన 2006, 2007 సీజన్లలోనూ ఆ మార్పులు లేని కారుతోనే టైటిల్ వచ్చింది, 2007లో అయితే 10 రేసులు గెలిచారు.

సమర్థించలేనిది ఒకటుంది. 2011లో టల్లడేగాలో, గెలిస్తే కారు వెనక భాగాన్ని ఎక్కడన్నా కొట్టమని కనౌస్ జాన్సన్‌కి చెప్పడం ఆడియోలో దొరికింది. తనిఖీకి వెళ్లే కారు గురించి అలా ఎందుకు చెబుతారో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఆ రోజు వాళ్లు గెలవలేదు కాబట్టి గొడవ సద్దుమణిగింది. రూల్ బుక్‌లో ఏది రాసి లేదో వెతకడం ఈ వృత్తిలో రోజువారీ పనే. కనౌస్ ఆ గీత మీద నిలబడేవాడు, అప్పుడప్పుడు అవతలికి కాలు పెట్టేవాడు. అది ఒప్పుకున్నాక కూడా ఒకటి మిగులుతుంది: 2006 నుంచి 2010 దాకా వరుసగా 5 టైటిళ్లు. ఆ పని ఇప్పటిదాకా వేరే ఏ క్రూ చీఫ్ చేయలేదు. దానికి అద్దం దగ్గర మార్పు సరిపోదు.

"అతను లేకుండానే డేటోనా 500 గెలిచారు" అన్నది అందరికీ నచ్చే పాయింటు. గెలిచారు, నిజం. ఆ 4 రేసుల్లో లాస్ వెగాస్ కూడా గెలిచారు. బాధ్యత తీసుకున్న డేరియన్ గ్రబ్ అప్పటికే జాన్సన్ నడిపే 48వ నంబరు కారు టీమ్‌లో ఇంజినీరు, కనౌస్ దగ్గర పనిచేసినవాడే. కారు కట్టింది, టీమ్‌ని తయారుచేసింది ఎవరు మరి? పైగా ఆ గ్రబ్ 2011లో మరో డ్రైవర్ టోనీ స్టూవర్ట్‌కి క్రూ చీఫ్‌గా సొంతంగా టైటిల్ తెచ్చాడు. మేస్త్రి ఊళ్లో లేనప్పుడు కూడా గోడ నిటారుగా లేచిందంటే మేస్త్రి అనవసరమనా, పని నేర్పాడనా?

డబ్బు, డ్రైవర్ సంగతి. హెండ్రిక్ దగ్గర డబ్బుంది, కాదనేదేముంది. అయితే అదే ఇంజిన్లు, అదే ఛాసీలు (కారు చట్రాలు) జెఫ్ గోర్డన్‌కీ అందాయి, తర్వాత డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్‌కీ, మార్క్ మార్టిన్‌కీ అందాయి. గోర్డన్ 24వ నంబరు కారు, జాన్సన్ 48వ నంబరు కారు ఒకే షాపులో తయారయ్యేవి. 2009లో పట్టికలో మొదటి మూడు స్థానాలూ హెండ్రిక్‌వే, అంటే కార్లు మంచివే. కానీ ఆ ఐదేళ్లూ టైటిల్ వెళ్లింది ఒక్క 48 గడపకే.

డ్రైవర్ అంటారా, 2002లో కనౌస్ చేతికి వచ్చేనాటికి జాన్సన్ పేరున రెండో అంచె సిరీస్‌లో ఉన్నది ఒకే ఒక్క విజయం. కనౌస్ మాత్రం ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో టీనేజ్‌లోనే తండ్రి కారు మీద పనిచేసి, 1993లో హెండ్రిక్‌లో చేరి గోర్డన్ అప్పటి క్రూ చీఫ్ రే ఎవర్న్‌హామ్ దగ్గర గోర్డన్ కారుకి టైర్లు మార్చి, బాడీలు కట్టి ఎదిగినవాడు. మొదటి ఏడాదే ఇద్దరూ కలిసి 3 రేసులు గెలిచారు. 2005 చివరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితికి వచ్చారు. అప్పుడు యజమాని రిక్ హెండ్రిక్ ఇద్దర్నీ కూర్చోబెట్టి, చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటున్నారు కాబట్టి ఇవి తినండని పాలు, బిస్కెట్లు, మిక్కీ మౌస్ పళ్లేలు ముందు పెట్టాడు. మరుసటి ఏడాదే మొదటి టైటిల్.

డ్రైవర్ ఒక్కడి వల్ల కాదనడానికి నాకు 2010 చాలు. చివరి మూడు రేసుల కథ అది. టెక్సాస్‌లో 48 పిట్ క్రూ తడబడుతోంది. గోర్డన్ కారు ప్రమాదంలో బయటికి పోగానే కనౌస్ రేసు మధ్యలో తన వాళ్లని పక్కకి తప్పించి గోర్డన్ క్రూని దింపేశాడు. ఏళ్లుగా తనతో ఉన్న మనుషుల్ని అందరూ చూస్తుండగా అలా తీసేయాలంటే గుండె రాయి కావాలి. అయినా రేసయ్యేసరికి టైటిల్ పోటీలో ఉన్న డెన్నీ హామ్లిన్ 33 పాయింట్లు ముందున్నాడు. తర్వాత ఫీనిక్స్‌లో ఎక్కువ ల్యాప్‌లు ముందున్నది హామ్లినే. కానీ పెట్రోలు చాలక చివర్లో పిట్‌కి వెళ్లి 12వ స్థానంలో పడ్డాడు. 48 మాత్రం పొదుపు చేసుకుంటూ ఆగకుండా వెళ్లి 5వది అయింది. తేడా 15కి దిగింది. హోమ్‌స్టెడ్‌లో జాన్సన్ 2వ స్థానంలో వచ్చి టైటిల్‌ని 39 పాయింట్లతో లాక్కున్నాడు. ఆ మూడు వారాల్లో హామ్లిన్ కారు చాలాసేపు వేగంగానే ఉంది.

"విడిపోగానే పని అయిపోయింది" అన్నదాంట్లో సగం పస ఉంది. 2018లో ఇద్దరూ కలిసి ఒక్క రేసూ గెలవలేదు, ఆ ఏడాదితోనే విడిపోయారు. తర్వాత జాన్సన్ ఒక్కటీ గెలవలేదు. కనౌస్ మాత్రం 2020 ఆగస్టు 29న డేటోనాలో కుర్రాడు విలియమ్ బైరన్‌కి తొలి విజయం ఇప్పించాడు. టైటిల్ కోసం జరిగే ఆఖరి దశ ప్లేఆఫ్‌లో చోటు తేలే చివరి రేసు అది. క్రూ చీఫ్‌గా అతను జాన్సన్‌తో గెలిచినవి 81, ఇది 82వది. 2021 నుంచి హెండ్రిక్‌లో మొత్తం నాలుగు కార్ల పోటీ వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్. 2024లో జాన్సన్‌తో పాటే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

దానికి ముందు 2023లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసుకి ఒక నాస్కార్ కారుని తయారుచేసి తీసుకెళ్లిన ప్రాజెక్టుకీ అతనే పెద్ద. అక్కడి కార్లలో గాలితో పైకి లేపే జాక్‌లు లోపలే ఉంటాయి, గాలి గొట్టం తగిలిస్తే కారు లేస్తుంది. రేసు వారంలో పెట్టే పిట్ స్టాప్ పోటీకి కనౌస్ మనుషులు మామూలు చేతి జాక్ పట్టుకుని వెళ్లారు. చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు. జీటీఈ అనే స్పోర్ట్స్ కార్ల విభాగంలో మొదటి బహుమతి వాళ్లే పట్టుకొచ్చారు.