చేతులు కలిపి, చెయ్యిచ్చి

2024 డిసెంబరులో నల్లచొక్కాలు తొడుక్కుని, చేతులకు సంకెళ్లు తగిలించుకుని బీఆర్ఎస్ సభ్యులు తెలంగాణ అసెంబ్లీకి వచ్చారు. ఫార్మా పరిశ్రమలకు భూసేకరణను ఎదిరించిన లగచర్ల ఊరి కేసులో జైల్లో ఉన్న రైతును బేడీలతో ఆసుపత్రికి తీసుకెళ్లినందుకు నిరసన అది. భూమి పోతుందని భయపడిన రైతుకు బేడీలు వేయడం సిగ్గుచేటు. విచారణకు ఆదేశించామని ప్రభుత్వం చెప్పినంత మాత్రాన ఆ సిగ్గు పోదు. అయితే ఆ సంకెళ్లు తగిలించుకున్న చేతులను, వాళ్ల హయాంలోనే కట్టిన మల్లన్నసాగర్ జలాశయం ముంపు గ్రామాలవాళ్లు కూడా చూశారు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ పేర్లు బీఆర్ఎస్ మరిచిపోయి ఉండవచ్చు. ఆ ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు మరిచిపోలేదు.

2024 నవంబరు 11న లగచర్లలో కలెక్టర్‌పైనా అధికారులపైనా జరిగిన దాడిని ఎవరూ సమర్థించలేరు. పరిశ్రమలకు భూమి కావాలి, ఉద్యోగాలు ఆకాశం నుంచి ఊడిపడవన్న వాదనా కాదనలేనిదే. కానీ అభిప్రాయ సేకరణకు వచ్చిన ప్రభుత్వాన్ని ఊరు నమ్మకపోవడానికి కారణం ఒక్కరోజులో పుట్టింది కాదు. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలోనే ఈ అపనమ్మకం ఉంటే మిగతా జిల్లాల సంగతి చెప్పనక్కర్లేదు. నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని, ఆ వెంటనే పారిశ్రామిక పార్కు పేరు ఎత్తుకోవడంతో అది తగ్గుతుందని సర్కారు నిజంగానే అనుకుంటోందా?

ఈ దేశంలో భూసేకరణకు ఒక మంచి చట్టం ఉంది. దాన్ని తెచ్చింది ఒక్క పార్టీ కాదు. బద్ధశత్రువులు కలిసి తెచ్చారు. భూసేకరణపై బెంగాల్లో నందిగ్రామ్, సింగూరు, యూపీలో భట్టా పర్సౌల్ రగిలాయి. మన దగ్గర సోంపేటలో 2010లోనూ, కాకరాపల్లిలో 2011లోనూ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంత జరిగాక గానీ 1894 నాటి తెల్లదొరల చట్టాన్ని పాతరేయాలన్న బుద్ధి పుట్టలేదు. కొత్త బిల్లును పరిశీలించిన, బీజేపీ ఎంపీ సుమిత్రా మహాజన్ నాయకత్వంలోని పార్లమెంటు స్థాయీసంఘం, ప్రైవేటు కంపెనీల కోసం సర్కారు భూమి సేకరించనే కూడదంది. కాంగ్రెస్ మంత్రి జైరాం రమేశ్ అఖిలపక్ష సమావేశాలు పెట్టారు. సేకరణ బదులు కౌలు మార్గం ఉండాలని, ముందే తక్కువకు కొనేసిన దళారుల పరిహారంలో అసలు రైతుకు వాటా దక్కాలని బీజేపీ తరఫున సుష్మా స్వరాజ్ పట్టుబట్టారు. ప్రభుత్వం ఒప్పుకుంది. 2013 ఆగస్టు 29న లోక్‌సభలో 216 మంది అవునన్నారు, కాదన్నది 19 మందే. వారం తిరక్కుండానే రాజ్యసభలో 131-10 తేడాతో గట్టెక్కింది. స్పెక్ట్రం, బొగ్గు కుంభకోణాలపై రోజూ సభను స్తంభింపజేసుకున్న పక్షాలే ఈ ఒక్క బిల్లు కోసం చేతులు కలిపాయి.

ఏం వచ్చింది రైతుకు? ప్రైవేటు ప్రాజెక్టు అయితే 80 శాతం మంది, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది ఒప్పుకుంటేనే సేకరణ. పల్లెల్లో మార్కెట్ ధరకు నాలుగు రెట్ల దాకా పరిహారం. భూమి లేని కూలీకి, కౌలుదారుకు, చేతివృత్తివారికి కూడా పునరావాస హక్కు. అన్నిటికన్నా ముందు సామాజిక ప్రభావ అంచనా, అంటే ఈ భూమి తీసుకుంటే ఎవరి బతుకు ఏమవుతుందో లెక్కగట్టి ఊరి ముందు పెట్టడం. అధికారులకు తలనొప్పి ఇదే. ఇంతకుముందు కలెక్టరు సంతకం చాలేది, ఇప్పుడు ఊరికి సమాధానం చెప్పాలి.

2014 జనవరి 1న చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 31న మోదీ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అయిదు రకాల ప్రాజెక్టులకు అంగీకారమూ వద్దు, ప్రభావ అంచనా వద్దు అంది. పదహారు నెలల కింద చెయ్యెత్తి సమర్థించిన చట్టానికి బీజేపీ చెయ్యిచ్చిన తీరు ఇది! సవరణ బిల్లు 2015 మార్చిలో లోక్‌సభ దాటినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది ఎవరో కాదు, సుమిత్రా మహాజనే. రాజ్యసభలో బలం చాలలేదు. ఆర్డినెన్సును మూడుసార్లు జారీ చేసి, చివరికి ఆగస్టులో వదిలేశారు. రైతుల పక్షాన గెలిచామని కాంగ్రెస్ సంబరాలు చేసుకుంది.

గెలిచిందెక్కడ? ఆ తలుపు మూసుకోకముందే అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ కిటికీ చూపించారు: కేంద్రంలో కుదరకపోతే రాష్ట్రాలు తమ సవరణలు తాము చేసుకోవచ్చని. తమిళనాడు అప్పటికే మొదలుపెట్టింది. గుజరాత్ 2016లో చేసింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర వరుసలో నిలబడ్డాయి. పార్లమెంటు కాదన్నదాన్ని అసెంబ్లీల దొడ్డిదారిన ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చారు. ఈ పనిలో మాత్రం జెండాల రంగు ఎవరికీ అడ్డురాలేదు.

తెలంగాణ సంగతి మరీ విడ్డూరం. 2013 చట్టం బరువని కేసీఆర్ ప్రభుత్వం 2015లో జీవో 123 తెచ్చింది. రైతు తానే అమ్ముతున్నట్టు కాగితం రాయించుకుంటే చట్టంతో పనే లేదన్నది దాని కిటుకు. రెండెకరాల రైతు వెనుక బ్యాంకు అప్పు, ముందు నిలబడ్డ తహసీల్దారు, పక్కనే పోలీసు ఉన్నప్పుడు ఆ ఇష్టపూర్వకం ఎంత ఇష్టంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. కూలీలకు దాంట్లో చోటే లేదు. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పుడేం చేశారు? చట్టాన్నే మార్చేశారు. 2017 ఏప్రిల్ 30న, ఆదివారం నాడు, ప్రత్యేకంగా శాసనసభను కొలువుదీర్చి నిమిషాల్లో తంతు ముగించారు. చట్టం అడ్డొస్తే జీవో, జీవో కూలితే సవరణ. ఈ కథ నడిపినవాళ్లు ఇవాళ సంకెళ్లు బిగించుకుని రైతు బాంధవులమంటే మల్లన్నసాగర్ నీళ్లు కూడా నవ్వుతాయి.

ఆ రోజు సవరణపై గగ్గోలు పెట్టింది కాంగ్రెస్. సోనియా హయాంలో తెచ్చిన చట్టాన్ని నీరుగారుస్తారా అని నిలదీసింది. మంచిదే. మరి 2023 డిసెంబరులో తానే అధికారంలోకి వచ్చింది. ఆ సవరణ అలాగే పుస్తకంలో ఉంది. రద్దు చేస్తామన్న మాట మంత్రుల నోట రావడం లేదు. భట్టా పర్సౌల్‌కు రాహుల్ గాంధీ వెళ్లి అరెస్టయిన రోజులు ఈ పార్టీకి ఎన్నికల ప్రసంగాల్లోనే గుర్తొస్తాయి కాబోలు. ప్రత్యర్థి చెక్కిన కత్తి తన చేతికి రాగానే పదును బాగుందని దాచుకున్నట్టుంది వ్యవహారం.

మాకు కలవరం కలిగించేది ఒక్క లగచర్ల కాదు. పార్టీలన్నీ ఏకమై చేసిన చట్టానికే ఈ గతి పడితే, రేపు ఏ పక్షమైనా మరో పక్షం మద్దతుతో తెచ్చే సంస్కరణను ఎవరు నమ్మాలి? కౌలుదారు చట్టం గానీ, అసంఘటిత కార్మికుల చట్టం గానీ వస్తే దాని ఆయుష్షు మరుసటి ఎన్నికల దాకానేనా? ప్రతిపక్షంలో ఉన్నంతకాలం 2013 చట్టం ముద్దు, కుర్చీ ఎక్కగానే గుదిబండ. 2014లో బీజేపీ, 2015లో టీఆర్ఎస్ (నేటి బీఆర్ఎస్), 2018లో అమరావతి కట్టే హడావుడిలో తెలుగుదేశం, ఇప్పుడు మౌనంతో కాంగ్రెస్. ఒకరి పాపాన్ని చూపి మరొకరు తప్పించుకుంటున్నారు, అంతే.

పరీక్ష పెద్దదేమీ కాదు. 2017 సవరణను రద్దు చేస్తూ ఒక్క పేజీ బిల్లు చాలు. రేవంత్ రెడ్డి ప్రభుత్వం దాన్ని సభ ముందుంచాలి. లగచర్ల గురించి కన్నీరు పెడుతున్న బీఆర్ఎస్, 2013లో అవునన్న బీజేపీ మద్దతు పలకాలి. పెట్టకపోతే కాంగ్రెస్ బండారం, పలకకపోతే ఆ రెండింటి బండారం బయటపడుతుంది. ఆదివారం నాడు నిమిషాల్లో చట్టం చేయగలిగిన సభకు, దాన్ని తీసేయడానికి టైము లేదంటే ఎవరూ ఒప్పుకోరు. నల్లచొక్కాల సభ్యులు ముందు ఆ బొమ్మ సంకెళ్లు విప్పుకుని రావాలి. ఆ బిల్లుకు చేతులెత్తాల్సి ఉంటుంది.